సూది సన్నదే, కష్టమంతా ఖాళీ చీటీతోనే

మా ల్యాబ్‌కి కిడ్నీ నుంచి సూదితో తీసిన శాంపిల్ వచ్చినప్పుడు దాంతోపాటు ఒక చీటీ వస్తుంది. చాలాసార్లు దాని మీద ఉండేది ఇంతే: "ఎస్‌ఓఎల్ రైట్ కిడ్నీ. ? ఆర్‌సీసీ." ఎస్‌ఓఎల్ అంటే లోపల చోటు ఆక్రమించి ఏదో ఉందని. ఆర్‌సీసీ అంటే రీనల్ సెల్ కార్సినోమా, కిడ్నీలో పుట్టే క్యాన్సర్లలో పెద్ద కుటుంబం. ఆ ప్రశ్నార్థకం నాకోసం. పేరు, ఐపీ నంబరు పోను పేషెంట్ గురించి ఇంకేమీ ఉండదు. ఒక్కోసారి వయసు బదులు "అడల్ట్" అని ఉంటుంది. మధ్యాహ్నానికల్లా వార్డు నుంచి ఫోన్: "మేడమ్, ఆర్‌సీసీయే కదా? క్లియర్ సెల్ అని రాసేయొచ్చుగా?"

కళ్లు మూసుకుని రాసేసినా చాలాసార్లు నెగ్గుకొస్తాం. కిడ్నీ క్యాన్సర్లలో నూటికి 70-75 క్లియర్ సెల్ రకమే మరి. నా గొడవంతా ఆ మిగిలిన పాతిక గురించి, అందులోనూ నూటికి ఒకటి కూడా ఉండని రకాల గురించి. అలాంటిది సూది శాంపిల్‌లో చేజారితే అందరూ సూదినే తిడతారు: "ఎఫ్‌ఎన్‌ఏసీతో కిడ్నీ సంగతి తేలదండీ" అని. ఎఫ్‌ఎన్‌ఏసీ అంటే ఈ సన్నసూది పరీక్షే. నేననేది, అవి చేజారేది ఎక్కువగా సూది పెట్టకముందు చీటీలో రాయని నాలుగు మాటల దగ్గర, సూది తీశాక పారబోసిన నాలుగు చుక్కల దగ్గర.

ముందు ఒక లెక్క చూద్దాం. కిడ్నీలో గడ్డ ఉన్న ప్రతివాళ్లకీ సూది పెట్టరు. సీటీ స్కాన్‌లో అది క్యాన్సరేనని గట్టిగా అనిపించి, ఎక్కడికీ పాకకుండా ఉండి, మనిషి ఆపరేషన్‌కి తట్టుకోగలిగితే నేరుగా టేబుల్ మీదకే తీసుకెళ్తారు. గడ్డనో మొత్తం కిడ్నీనో తీసి బయాప్సీకి పంపుతారు. సూది దాకా వచ్చేవాళ్లు వేరు. స్కాన్‌లో ఏదో తేడాగా కనిపించినవాళ్లు, అప్పటికే ఊపిరితిత్తులకో ఎముకలకో పాకినవాళ్లు, ఇంకెక్కడో ఉన్న క్యాన్సర్ ఇక్కడికొచ్చిందేమోనని అనుమానం ఉన్నవాళ్లు, లింఫోమానో టీబీనో కావచ్చని డౌటున్నవాళ్లు, ఉన్నదే ఒక్క కిడ్నీ అయినవాళ్లు. అంటే మామూలు రకాలు చాలామటుకు నా మైక్రోస్కోపు దాకా రాకుండానే థియేటర్‌కి వెళ్లిపోతున్నాయి. వడపోతలో మిగిలి నా దగ్గరికొచ్చేవాటిలో వింతవాటి పాలు సహజంగానే ఎక్కువ. ఆ 70 శాతం లెక్కని సూది శాంపిళ్లకి అలాగే అంటగట్టి "ఎలాగూ క్లియర్ సెల్లేగా" అనుకోవడం దగ్గరే మొదటి దెబ్బ తగులుతుంది.

సూది ఎలా పెడతారో తెలియనివాళ్ల కోసం కాస్త చెప్తాను. పేషెంట్‌ని బోర్లా పడుకోబెట్టి, అల్ట్రాసౌండ్‌లోనో సీటీలోనో గడ్డని చూస్తూ వీపు వైపు నుంచి సన్నటి సూది, సాధారణంగా 22 గేజ్‌ది, దింపుతారు. ఊపిరితోపాటు కిడ్నీ కూడా పైకీ కిందికీ కదులుతుంది కాబట్టి కాసేపు ఊపిరి బిగపట్టమంటారు. గడ్డలో సూదిని నాలుగైదుసార్లు ఆడిస్తే కణాలు సూదిలోకి వస్తాయి. కిడ్నీకి రక్తం బాగా అందుతుంది, అందులోని గడ్డలకి ఇంకా బాగా. అందుకే సూది తీసేసరికి సిరంజిలో ఎర్రగా రక్తమే కనిపిస్తుంది. కణాలన్నీ ఆ రక్తంలోనే ఉంటాయి. మొదటిసారి దింపినప్పుడు వచ్చిందే మేలైన సరుకు. తర్వాత్తర్వాత రక్తం పలుచన చేసేస్తుంది.

క్లియర్ సెల్ అయితే కణాలు లేత సైటోప్లాజంతో, లోపలంతా బుడగలు బుడగలుగా, సన్నటి రక్తనాళాలని అంటిపెట్టుకుని గుంపులుగా కనిపిస్తాయి. స్లైడు మీద పరుస్తుంటేనే కొన్ని పగిలిపోయి ఉత్త కేంద్రకాలు మిగులుతాయి. శాంపిల్ బాగుంటే దీన్ని గుర్తుపట్టడం పెద్ద విద్యేం కాదు. చిక్కల్లా ఏమిటంటే ఇలాగే కనిపించేవి ఇంకా ఉన్నాయి.

ఇక్కడ ఒక పాత కథ గుర్తొస్తుంది. 1883లో జర్మనీలో పాల్ గ్రావిట్జ్ అనే పాథాలజిస్టు, కిడ్నీలోని ఈ పసుపుపచ్చ గడ్డలు దారితప్పి కిడ్నీలో చిక్కుకున్న అడ్రినల్ గ్రంథి తునకల నుంచి పుడుతున్నాయని వాదించాడు. ఎందుకయ్యా అంటే కణాలు చూడ్డానికి అడ్రినల్ కణాల్లాగే ఉన్నాయి కాబట్టి. అది తప్పని తేలాక కూడా దాన్నిబట్టి వచ్చిన హైపర్‌నెఫ్రోమా అన్న పేరు దశాబ్దాలపాటు వదల్లేదు. పాత తరం సర్జన్ల నోట నేనూ విన్నాను. రూపం చూసి పేరు పెట్టెయ్యడంలో తొందర మా వృత్తికి పుట్టుకతోనే వచ్చిన గుణం లెండి.

ఆ తొందరకి 2022లో పెద్ద కళ్లెం పడింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ ఏడాది తెచ్చిన అయిదో వర్గీకరణలో కొన్ని కిడ్నీ క్యాన్సర్లని రూపాన్నిబట్టి కాకుండా లోపల చెడిపోయిన జన్యువునిబట్టి ఒక గుంపుగా పెట్టారు. టీఎఫ్ఈ-3 జన్యువు తెగి వేరేచోట అతుక్కున్నవి, ఎఫ్‌హెచ్ లోపించినవి, ఎస్‌డీహెచ్ లోపించినవి, ఏఎల్‌కే జన్యువు తారుమారైనవి, స్మార్క్‌బీ-1 లోపించినవి, ఇంకా ఒకటి రెండు. వీటిలో చాలావాటికి మొత్తం కిడ్నీ బకెట్లో పెట్టి పంపినా మామూలు స్టెయిన్‌తో చూసి పేరు ఖాయం చేయలేం. ప్రత్యేకమైన మార్కర్లు, అంటే కణంలో ఫలానా ప్రోటీన్ ఉందో లేదో చూపించే రంగులు, వెయ్యాలి, కొన్నిసార్లు జన్యుపరీక్షే చెయ్యాలి. "సూదితో తేలదు, ఆపరేషన్ చేస్తే తేలుతుంది" అనే మాటకి బలం తగ్గింది ఇక్కడే. మార్కర్ వెయ్యడానికి గుప్పెడు కణజాలం అక్కర్లేదు. సరిగ్గా దాచుకున్న వందల కణాలు చాలు.

ఒక రకాన్ని దగ్గరగా చూపిస్తాను. ఎఫ్‌హెచ్ అంటే ఫ్యూమరేట్ హైడ్రటేజ్, కణానికి శక్తి అందించే రసాయన చర్యల వరసలో పనిచేసే ఒక ఎంజైమ్. దాని జన్యువు ఒక కాపీ పుట్టుకతోనే చెడిపోయి ఉన్న కుటుంబాలుంటాయి. ఆ ఇళ్లలో ఆడవాళ్లకి ఇరవైల్లోనో ముప్పైల్లోనో గర్భసంచిలో ఫైబ్రాయిడ్లు వస్తాయి, ఒకటీ అరా కాదు, బోలెడు. ఆడా మగా ఎవరికైనా చర్మం మీద గట్టి బుడిపెలు రావొచ్చు. చలి తగిలినా చెయ్యి తగిలినా అవి నొప్పెడతాయి. కొందరికి కిడ్నీలో క్యాన్సర్ వస్తుంది. ఈ మూడింటికీ ఈ జన్యువే మూలమని 2002లో బయటపడింది. ఈ క్యాన్సర్ గడ్డ చిన్నగా ఉండగానే పాకే రకం. చిన్న క్లియర్ సెల్ గడ్డ విషయంలో పెద్దవాళ్లకి "ఆర్నెల్లాగి మళ్లీ స్కాన్ చేద్దాం" అనొచ్చు. దీని దగ్గర ఆ మాట చెల్లదు.

స్లైడు మీద ఈ కణాలు పెద్దవి, సైటోప్లాజం దండిగా ఉంటుంది. కేంద్రకం నడుమ న్యూక్లియోలస్ అనే చుక్క ఒక్కటే, బాగా పెద్దది, పాప్ స్టెయిన్‌లో ఎర్రగా, దాని చుట్టూ తెల్లటి ఖాళీ వలయం. సైటోమెగలో వైరస్ సోకిన కణాన్ని ఎప్పుడైనా చూసినవాళ్లకి వెంటనే అదే గుర్తొస్తుంది. అయితే ఇది అన్ని కణాల్లోనూ ఉండదు, వెతుక్కోవాలి. ముదిరిన క్లియర్ సెల్‌లో, కలెక్టింగ్ డక్ట్ కార్సినోమాలో కూడా పెద్ద న్యూక్లియోలస్‌లు ఉంటాయి. కాబట్టి స్లైడు అనుమానం పుట్టిస్తుందే గానీ తీర్పు చెప్పదు. అప్పుడు నేను వార్డుకెళ్లి పేషెంట్‌తో మాట్లాడతాను. ఇలా నడుస్తుంది ఆ సంభాషణ:

"అమ్మా, గర్భసంచి ఆపరేషన్ ఏమైనా అయిందా?"

"అయింది మేడమ్, ఎప్పుడో."

"ఎందుకు తీశారు?"

"గడ్డలున్నాయన్నారు. రక్తం బాగా పోయేది."

"అప్పటికి మీకెన్నేళ్లు?"

"చిన్నోడు అప్పుడే బడికెళ్తున్నాడు. ముప్పై లోపే."

"మీ అమ్మగారికీ, అక్కచెల్లెళ్లకీ?"

"మా అక్కకీ తీసేశారు. మా ఇంట్లో అందరికీ అంతే మేడమ్."

మా ఇంట్లో అందరికీ అంతే అన్న ఆ మాట నా లెన్సు కన్నా ఎక్కువ చెప్తుంది. అది చీటీలో ఉండదు. కిడ్నీ డాక్టరు గర్భసంచి గురించి అడగడు, అడగాలని ఆయనకి తట్టదు. పేషెంట్ తనంతట తాను చెప్పదు, కిడ్నీకీ దీనికీ సంబంధం ఏముందిలే అనుకుంటుంది.

మన రెండు రాష్ట్రాల్లో ఇది ఇంకో మెట్టు కష్టం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చూడండి, గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతం ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందు వరసలో ఉంటాయి. తెల్లబట్టకి తీసేశారు, నెలసరి బాధకి తీసేశారు, "ఉంచుకుంటే క్యాన్సరవుతుంది" అని భయపెట్టి తీసేశారు. అందువల్ల "ముప్పై లోపు గర్భసంచి తీశారు" అన్న సమాచారానికి వేరే దేశంలో ఉన్నంత బరువు ఇక్కడ ఉండదు. ఎందుకు తీశారో, నిజంగా ఫైబ్రాయిడ్లు ఉన్నాయో లేదో తేలాలి. తీసిన గర్భసంచిని బయాప్సీకి పంపారా అంటే కాగితం దొరకదు. ఎఫ్‌హెచ్ లోపించిన ఫైబ్రాయిడ్‌ని మైక్రోస్కోపు కింద అనుమానించడానికి కొన్ని గుర్తులున్నాయి. ఆనాడు ఆ గర్భసంచి పాథాలజీ ల్యాబ్‌కి వెళ్లి, ఎవరైనా శ్రద్ధగా చూసి ఉంటే, కిడ్నీలో గడ్డ రాకముందే ఆ కుటుంబానికి హెచ్చరిక అందేది. అనవసరంగా తీసిన గర్భసంచుల గురించి పత్రికల్లో చాలా రాశారు. తీసినవాటిని పరీక్షకి పంపకుండా పారేయడం గురించి కూడా ఎవరైనా రాయాలి.

రకం తేలితే మారేదేంటి అంటారా? తోబుట్టువులకి, పిల్లలకి జన్యుపరీక్ష చేయించాలి. జన్యువు చెడినట్టు తేలిన పిల్లలకి 8-10 ఏళ్ల వయసు నుంచే ఏటా కిడ్నీల ఎంఆర్ఐ తీయించాలని సలహా. పాకిన జబ్బుకి బెవాసిజుమాబ్, ఎర్లోటినిబ్ కలిపి ఇస్తే చాలామందిలో గడ్డలు తగ్గుతున్నాయని అమెరికాలో చేసిన ట్రయల్స్‌లో తేలింది. క్లియర్ సెల్ అని రాసిన రిపోర్టుతో వెళ్లినవాళ్లకి ఈ దారి తెరుచుకోదు.

రెండోది ఇంకా అరుదు, కానీ మన ఏజెన్సీ ప్రాంతాలతో నేరుగా లంకె ఉన్నది. రీనల్ మెడులరీ కార్సినోమా. 1995లో అమెరికా సాయుధ దళాల పాథాలజీ సంస్థ వైద్యులు ముప్పైమందికి పైగా కేసులు కలిపి చూసి దీన్ని వేరే జబ్బుగా వివరించారు. దాదాపు అందరూ కుర్రవాళ్లు, దాదాపు అందరూ సికిల్ సెల్ క్యారియర్లు, అంటే ఎర్రకణాలు కొడవలిలా వంగే వంశపారంపర్య రక్తజబ్బు జన్యువుని మోసేవాళ్లు. జబ్బు ఉన్నవాళ్లకన్నా ఒక్క కాపీ మాత్రమే మోస్తూ రోజువారీ ఏ బాధా లేకుండా తిరిగేవాళ్లలోనే ఎక్కువ. కిడ్నీ లోపలి పొరలో ప్రాణవాయువు తక్కువ, ఉప్పుసాంద్రత ఎక్కువ. మిగతా ఒంట్లో మామూలుగా ఉండే క్యారియర్ ఎర్రకణాలు కూడా అక్కడికెళ్లేసరికి కొడవలి ఆకారంలోకి వంగుతాయి. ఆ ఒత్తిడిలోనే స్మార్క్‌బీ-1 జన్యువు దెబ్బతింటుందని ఇప్పుడు బలంగా నమ్ముతున్నారు. ఎడమ కిడ్నీ కన్నా కుడి కిడ్నీలో, ఆడవాళ్లలో కన్నా మగవాళ్లలో ఎక్కువ.

ఆదిలాబాద్ గోండులు, కొలాముల్లోనూ, పాడేరు వైపు గిరిజనుల్లోనూ సికిల్ సెల్ జన్యువు ఉందని ఎప్పట్నుంచో తెలుసు. 2023 జులైలో మధ్యప్రదేశ్‌లోని శాహ్‌డోల్‌లో ప్రధాని సికిల్ సెల్ నిర్మూలన మిషన్ ప్రారంభించాక గిరిజన ప్రాంతాల్లో పరీక్షలు పెద్ద ఎత్తున జరుగుతున్నాయి. 7 కోట్లమందిని పరీక్షించాలన్నది లక్ష్యం. ఎవరు క్యారియరో కార్డు చేతికిస్తున్నారు. ఆ కార్డు పేషెంట్ జేబులో ఉంటుంది, నా చీటీలోకి మాత్రం రాదు. అదే నా ఫిర్యాదు. ఇరవయ్యేళ్ల కుర్రాడు, మూత్రంలో రక్తం, కుడి కిడ్నీలో గడ్డ, సికిల్ క్యారియర్ అని ఒక్క వాక్యం రాస్తే స్లైడు చూసే నా కన్నే మారిపోతుంది. ముద్దలుగా ఉన్న క్రూరమైన కణాలు, మధ్యలో చీముకణాలు చూసి "హై గ్రేడ్ కార్సినోమా" అని చేతులు దులుపుకోకుండా ఐఎన్‌ఐ-1 అనే మార్కర్, స్మార్క్‌బీ-1 జన్యువు తయారుచేసే ప్రోటీన్‌ని చూపించేది, వేస్తాను. క్యాన్సర్ కణాల కేంద్రకాల్లో ఆ రంగు పడకుండా, పక్కనున్న తెల్లకణాల్లో పడితే అనుమానం తీరినట్టే. సెల్ బ్లాక్‌లో, అంటే మిగిలిన శాంపిల్‌ని మైనంలో పోసి దాచిన దిమ్మలో (దాని సంగతి కింద చెప్తాను), వంగిన ఎర్రకణాలు కనబడటం కూడా ఉంది, వెతికితేనే. దీనికి మొదట వాడేది ప్లాటినం కీమో. క్లియర్ సెల్‌కి వాడే, గడ్డకి రక్తనాళాలు పెరగకుండా ఆపే మందులు దీనిమీద ఒంటరిగా పనిచేయవు. ఈ జబ్బుకి టైమే ఉండదు, తప్పు మందుతో రెండు నెలలు పోతే పోయినట్టే.

ఇది చదివి క్యారియర్లెవరూ టెన్షన్ పడొద్దు. ప్రపంచంలో సికిల్ క్యారియర్లు కోట్లలో ఉన్నారు, ఈ క్యాన్సర్ వచ్చినట్టు నమోదైనవాళ్లు వందల్లోనే. క్యారియర్ అయితే స్కాన్లు తీయించుకోమని నేననడం లేదు. మూత్రంలో రక్తం పడితే "వేడి చేసిందిలే" అనుకోకుండా డాక్టరు దగ్గరికెళ్లి ఆ కార్డు చూపించమంటున్నాను.

పిల్లల్లో, పాతికలోపు వాళ్లలో టీఎఫ్ఈ-3 రకం సంగతీ ఇంతే, ఎక్కువ చెప్పను. చూడ్డానికి క్లియర్ సెల్‌కీ, పాపిలరీ అనే ఇంకో రకానికీ మధ్యస్థంగా ఉంటుంది, అక్కడక్కడ గుండ్రటి సున్నపు రేణువులు కనిపిస్తాయి. మామూలు క్యాన్సర్‌లో బాగా పట్టే కెరటిన్ రంగు దీనికి అంతంతమాత్రం. చిన్నప్పుడు ఇంకేదో జబ్బుకి కీమో తీసుకున్నవాళ్లలో కాస్త ఎక్కువ, ఆ సంగతి కూడా చీటీలో ఉండాలి. ఏళ్ల తరబడి డయాలసిస్ మీద ఉన్నవాళ్ల కిడ్నీల్లో నీటితిత్తులు పుట్టి, వాటిలో ఒక ప్రత్యేక రకం క్యాన్సర్ వస్తుంది. అందులో ఆక్సలేట్ స్ఫటికాలు మెరుస్తాయి, పోలరైజర్ పెట్టి చూస్తే. ఉద్దానం లాంటి చోటున్న రాష్ట్రంలో డయాలసిస్ అన్న ఒక్క మాట రాయడం ఎవరికీ భారం కాకూడదు.

అరుదైనవన్నీ ప్రాణాంతకం అనుకుంటే పొరపాటు. మ్యూసినస్ ట్యూబ్యులార్ అండ్ స్పిండిల్ సెల్ కార్సినోమా అని చాంతాడంత పేరున్న ఒకటుంది. ఎక్కువగా ఆడవాళ్లలో వస్తుంది, చాలామటుకు నెమ్మదైనది. తెలియనివాళ్లు స్లైడు చూస్తే సాగిన కణాలు కనబడి సార్కోమా అనో, చెడ్డ రకం అనో హడావుడి చేసేస్తారు. దీన్ని పట్టించేది కణాల మధ్య పరుచుకున్న జిగురు. గాలికి ఆరబెట్టి జీమ్సా వేసిన స్లైడులో ఆ జిగురు ముదురు గులాబీరంగులో కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఆల్కహాల్‌లో ముంచిన స్లైడులో వెలవెలబోతుంది. కొన్నిచోట్ల అల్ట్రాసౌండ్ గదిలో ఉన్నవాళ్లకి స్లైడు అంటే స్పిరిట్ జార్‌లో వెయ్యడమే తెలుసు. అన్నీ ముంచేసి పంపుతారు. రెండు స్లైడులు ఊరికే ఆరబెట్టి పంపితే ఆ పేషెంట్ ఇంట్లోవాళ్లు హాయిగా నిద్రపోయేవాళ్లు.

ఇప్పుడు ఆ పారబోసిన చుక్కల సంగతి. సిరంజిలో ఉన్న రక్తమంతా పది స్లైడుల మీద పరిచేసి, మిగిలింది సింకులో కడిగేసే అలవాటు చాలాచోట్ల ఉంది. పది స్లైడుల్లోనూ ఒకటే కనబడుతుంది, మార్కర్ వెయ్యడానికి ఏమీ మిగలదు. మొదటి చుక్కతో రెండు మూడు స్లైడులు చేసి, మిగిలిందంతా, సూది హబ్‌లో ఇరుక్కున్న గడ్డకట్టిన రక్తంతో సహా, ఫార్మలిన్‌లో వెయ్యాలి. దాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, అడుగున పేరుకున్నదాన్ని మైనంలో పోస్తే అదే సెల్ బ్లాక్. చిన్న బయాప్సీతో సమానం. దానికి కొత్త మెషీన్ అక్కర్లేదు, ఫార్మలిన్ సీసా ఒకటి గదిలో ఉంటే చాలు.

బ్లాక్ చేతికొచ్చాక కూడా పొదుపు కావాలి. మార్కర్ కోసం కోసిన ప్రతిసారీ బ్లాక్‌ని మళ్లీ చదును చెయ్యాలి, అందులో కొంత పోతుంది. అందుకే మొదటిసారే పది పన్నెండు పొరలు వరసగా కోయించి రంగు వెయ్యకుండా పక్కన పెట్టిస్తాను. ముందు పాక్స్-8 వేసి ఇది కిడ్నీదేనా చూడాలి. థైరాయిడ్, అండాశయం వైపు నుంచి వచ్చినవాటికీ ఆ రంగు పడుతుందని గుర్తుంచుకుంటూ. తర్వాత రకాన్ని విడదీసే మార్కర్లు సీఏ-9, సీకే-7. ఆ తర్వాతివి వయసునిబట్టి, కథనిబట్టి. కథ తెలియకపోతే అన్ని మార్కర్లూ వెయ్యాలి, ఒక్కోదానికి విడిగా బిల్లు, అదంతా పేషెంట్ మీద. కాబట్టి చీటీలో నాలుగు మాటలు రాస్తే వాళ్ల డబ్బు కూడా మిగులుతుంది.

దీనికి ఎదురు వాదన ఉంది, బలమైనదే. కాస్త లావు సూదితో కణజాలం తునకనే తీసే కోర్ బయాప్సీ ఉండగా సన్నసూదితో ఈ అవస్థలెందుకు? 2016లో యూరోపియన్ యూరాలజీ పత్రికలో 57 అధ్యయనాలు, 5,228 మంది పేషెంట్లని కలిపి చూసిన సమీక్ష వచ్చింది. ఉన్న క్యాన్సర్‌ని పట్టడంలో కోర్ బయాప్సీ 99.1 శాతం, సన్నసూది 93.2 శాతం. క్యాన్సర్ లేనివాళ్లకి లేదని చెప్పడంలో కోర్ 99.7, సన్నసూది 89.8. రెండో జంట అంకెలు చూస్తే నాకే సిగ్గేస్తుంది. లేనివాళ్లు వందమంది వస్తే పదిమందికి ఉందని చెప్పినట్టు. ఎక్కడ బోల్తాపడతామో కూడా తెలుసు. రాళ్లతో నిండి ఏళ్లుగా చీముపట్టిన కిడ్నీలో పుట్టే శాంతోగ్రాన్యులోమాటస్ పైలోనెఫ్రైటిస్‌లో కొవ్వు మింగిన నురుగు కణాలు అచ్చం క్లియర్ సెల్‌లాగే ఉంటాయి. రాళ్ల జబ్బు ఇంతగా ఉన్న మనలాంటి చోట ఇది నిత్యం కాచుక్కూర్చునే గొయ్యి. కుడివైపు సూది కాలేయాన్ని తాకుతూ పోతే అక్కడి కణాలు వచ్చి ఆంకోసైటిక్ గడ్డలా, అంటే గులాబీరంగు సైటోప్లాజం నిండిన కణాల గడ్డలా, నటిస్తాయి. కిడ్నీ సొంత నాళాల కణాలు కూడా ఒక్కోసారి అంతే.

కాబట్టి కోర్ తీయగలిగినచోట తియ్యండి, నాకేం అభ్యంతరం లేదు. ఇంకా మంచిది, రెండూ చెయ్యండి: ముందు సన్నసూది, అక్కడికక్కడే రంగు వేసి సరైన చోట పడిందో లేదో చూసి, తర్వాత అదే దారిలో కోర్. కానీ జిల్లా కేంద్రాల్లో కోర్ తీసే రేడియాలజిస్టు వారానికొకసారి వస్తాడు, పేషెంట్ రక్తం పలుచన చేసే మందుల మీద ఉంటాడు, ఊపిరితిత్తుల్లోకి పాకిన జబ్బుతో రొప్పుతుంటాడు. అప్పుడు ఉన్నది సన్నసూదే. ఇంకో సంగతి, ఆ అంకెలు పాతకాలపు స్మియర్లవీ, సెల్ బ్లాక్ లేనివీ కలిపిన గంప. సూదిని ఓడించింది చాలావరకు దాని వాడకమే అని నా నమ్మకం. ఈ ఒక్క విషయంలో నాతో ఒప్పుకోని సహోద్యోగులు ఉన్నారు, వాళ్లు కోర్ లేకుండా కిడ్నీ శాంపిలే తీసుకోరు. వాళ్ల జాగ్రత్త నాకర్థమవుతుంది. ఆ జాగ్రత్తకి మూల్యం కోర్ దొరకని ఊళ్లో పేషెంట్ చెల్లిస్తాడు.

మా వైపు తప్పు లేదా అంటే, ఉంది. ఫోన్లో ఒత్తిడి చేస్తే లొంగిపోయి పేరు రాసేయడం. ఆంకోసైటోమా అనే క్యాన్సర్ కాని గడ్డ, క్రోమోఫోబ్ అనే క్యాన్సర్ రెండింటినీ సూది శాంపిల్‌లో కచ్చితంగా విడదీయలేమని తెలిసీ ఒకటి ఎంచుకోవడం. కుర్రవయసులో అలాంటి గులాబీరంగు కణాలు కనిపిస్తే ఎస్‌డీహెచ్ లోపాన్ని పట్టే ఎస్‌డీహెచ్‌బీ మార్కర్ వెయ్యాలన్న సంగతి వదిలెయ్యడం. నేను ఇష్టపడే రిపోర్టు ఇలా ఉంటుంది: "కిడ్నీలో పుట్టిన క్యాన్సర్. ముదిరిన రకం. మామూలు క్లియర్ సెల్ లక్షణాలు లేవు. న్యూక్లియోలస్‌లనిబట్టి ఎఫ్‌హెచ్ లోపం అనుమానించాలి. సెల్ బ్లాక్‌లో సరుకు ఉంది. ఎఫ్‌హెచ్, 2ఎస్‌సీ మార్కర్లు సూచిస్తున్నాం. ఫైబ్రాయిడ్లు, చర్మం మీద బుడిపెలు, కుటుంబ చరిత్ర అడగగలరు." చదివినాయనకి విసుగొస్తుంది, "పేరేదమ్మా?" అంటాడు. కానీ ఈ రిపోర్టు చదివినవాడు పేషెంట్‌ని నాలుగు ప్రశ్నలు అడుగుతాడు. "ఆర్‌సీసీ, క్లియర్ సెల్" అని చదివినవాడు ఏమీ అడగడు. ఎఫ్‌హెచ్ రంగు పడినా కొన్ని జన్యులోపాలు దాన్ని దాటిపోతాయి, అందుకే ఎఫ్‌హెచ్ పనిచేయకపోతే కణంలో పేరుకునేదాన్ని పట్టే 2ఎస్‌సీ కూడా. మా చుట్టుపక్కల ల్యాబుల్లో ఈ రెండూ ఉండటం తక్కువ, పెద్ద నగరానికి పంపించాలి.

పంపించడం దగ్గర పేషెంట్ల ఇంటివాళ్లకి ఒక మాట. జిల్లా నుంచి హైదరాబాద్‌కో వెల్లూరుకో ముంబైకో వెళ్లేటప్పుడు రిపోర్టు కాగితం, స్కాన్ సీడీ పట్టుకెళ్తారు. ల్యాబ్‌కి వెళ్లి స్లైడులతోపాటు సెల్ బ్లాక్ కూడా అడిగి, సంతకం పెట్టి తీసుకోండి. అది అగ్గిపెట్టెలో సగం ఉండే ప్లాస్టిక్ డబ్బీ, మైనంతో నిండి ఉంటుంది. స్లైడులు మాత్రమే తీసుకెళ్తే అవతలివాళ్లు మార్కర్లు వెయ్యడానికి చాలాసార్లు మళ్లీ సూది పెట్టాల్సి వస్తుంది. బ్లాక్ చెయ్యలేదు అని ల్యాబ్‌లో చెప్తే, తర్వాతిసారి సూది పెట్టేముందే ఫార్మలిన్ సీసా ఉందా అని అడగండి. గదిలో ఎవరికైనా కోపం వస్తే రానివ్వండి.